నిచ్చెన మెట్ల పందెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొని తెచ్చిన ఆటవస్తువంటూ ఒక్కటీ ఉండేది కాదు. చింతపండు ఒలిచిన రోజున పోగేసిన పిక్కలు, ఏదో తీర్థంలో కొన్న నాలుగు గవ్వలు, ఒక బొగ్గుముక్క ఉంటే వానాకాలమంతా గడిచిపోయేది. గచ్చు మీద బొగ్గుతో గడులు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. అమ్మ తిట్టి మాచేతే తడిగుడ్డతో తుడిపించేది. మర్నాడు మళ్ళీ గీసేవాళ్ళం. చింతపిక్కల్ని కుప్పపోసి గట్టిగా ఊది, పక్కదాన్ని కదపకుండా ఒక్కొక్కటే తీసే ఆటలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఓడిపోతే మాత్రం కుప్పంతా చెదరగొట్టి లేచిపోయేదాన్ని. ఓడిపోవడమంటే నాకు అంత ఒళ్ళుమంట.

ఆ ఆటల్లో నాకు జోడీ మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లి వరస. నాకు తొమ్మిదేళ్ళయితే దానికి ఏడు. ఇద్దరికీ తగవు తీర్చేది మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి. మామ్మకు అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషిని గొంతు బట్టి పోల్చుకునేది. అయినా పిక్క కదిలిందో లేదో తీర్పు చెప్పడానికి మాత్రం తానే ముందుకొచ్చేది. చూడకుండా తీర్పేంటి మామ్మా అంటే, "నీ ఊపిరి చెబుతోందిలే, కదిలిందో లేదో" అనేది. నిజంగా ఊపిరి వినేదో, ఊరికే దబాయించేదో నాకు తెలియదు.

మాది గోదావరి మధ్యలో ఉన్న లంక. శ్రావణమాసంలో ఎర్రనీళ్ళు రావడం మాకు కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని రేడియోలో చెబితే మా పెద్దవాళ్ళు కంగారు పడకుండా బియ్యం, పప్పులు, కట్టెలు అటక మీదికి చేరవేసేవారు. తర్వాత పశువుల్ని పడవ మీద ఏటిగట్టుకు దాటించేవారు. మనుషులది ఆఖరి వంతు. పశువులకు నోరు లేదు, మనం అరిచి పిలవగలం అనేది మా మామ్మ లెక్క. మా తాతగారి హయాంలో వచ్చిన పెద్ద వరదకే ఇంట్లో నీళ్ళు అటక నిచ్చెన మూడో మెట్టు దగ్గర ఆగాయట. అంతకు మించి గోదావరి మా ఇంట్లోకి రాదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. వరదకు ఇల్లు వదిలి ముందే పోయేవాళ్ళను పిరికివాళ్ళ కింద జమకట్టేవారు.

ఆ ఏడు కూడా అలాగే జరిగింది. తెల్లవారుతూనే అమ్మానాన్నలు, చిన్నాన్న, పిన్ని పశువులతో గట్టుకు వెళ్ళారు. మధ్యాహ్నానికి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తామన్నారు. ఈలోగా నీళ్ళు తగ్గినా తగ్గుతాయి, కంగారు లేదు అని కూడా అన్నారు. మామ్మ, నేను, చెల్లి అటక మీద మిగిలాం. కింద గదిలో నీళ్ళు నిచ్చెన మొదటి మెట్టును తడుపుతున్నాయి. మామ్మ పైనుంచే పసుపు కుంకుమ నీళ్ళలో వదిలి, గోదారమ్మ ఇల్లు చూసిపోవడానికొచ్చింది, ఇక తగ్గాలని దండం పెట్టింది.

అటక మీద కొబ్బరికాయల కుప్ప, ధాన్యం బస్తాలు, సొట్టలు పోయిన బిందెలు. వాటి మధ్య చాప పరిచి చింతపిక్కలు పోసుకున్నాం. మామ్మ ఒక ఇత్తడి డబ్బా తెరిచి చూపించింది. నిండా కొబ్బరుండలు. ఈ రోజు కొత్త ఆట అంది. నిచ్చెనకు పది మెట్లున్నాయి. పిక్కల ఆట ఒకటి పూర్తయినప్పుడల్లా, అందులో ఓడినవాళ్ళు అటక అంచు దాకా పాకి నీళ్ళు ఏ మెట్టు దగ్గరున్నాయో చూసి చెప్పాలి. ఇద్దరిలో ఒకరు తగ్గుతాయని, ఇంకొకరు పెరుగుతాయని ముందే పందెం కాసుకోవాలి. ఎవరి మాట నిజమైతే వాళ్ళకు ఒక ఉండ.

నేను పెద్దదాన్ని కాబట్టి ముందు నేనే ఎంచుకున్నాను. ఇంట్లో అందరూ తగ్గుతుందనే కదా అన్నారు, అందుకని తగ్గుడు నాదన్నాను. చెల్లికి పెరుగుడు మిగిలింది. చెడ్డది నాకిచ్చిందని అది కాసేపు ముక్కు ఎగబీల్చింది కూడా.

మొదటిసారి చూసినప్పుడు నీళ్ళు రెండో మెట్టు దగ్గరున్నాయి. చెల్లికి ఒక ఉండ. తర్వాత మూడు. చెల్లికి ఇంకొకటి. మామ్మ దాని వీపు తట్టి శభాష్ అంది. నాలుగో మెట్టు మునిగిందని నేనే చూసి చెప్పినప్పుడు కూడా ఉండ చెల్లికే వెళ్ళింది. నాకు ఒకటే అయోమయం. పొద్దున్న దండం పెట్టి తగ్గమని వేడుకున్న మనిషి, పెరిగిందని చెబితే శభాష్ అంటుందేమిటి? మూడో మెట్టు దాటదన్నది ఏమయింది? అడిగితే మామ్మ, "ఆట ఆటేనే, ముందు పిక్కలు పొయ్యి" అంది. గొంతు మామూలుగానే ఉంది. పిక్కలు పోస్తున్న తన చేతిలోంచి మాత్రం సగం బయటపడ్డాయి. వాటిని ఏరుతూ నేను విసుక్కున్నాను.

మధ్యాహ్నం దాటింది. మావాళ్ళు రాలేదు. గట్టు దగ్గర ఒరవడి ఎక్కువై నాన్నగారి పడవ ఈ ఒడ్డుకు తిరగలేకపోయిందని తర్వాత తెలిసింది. మామ్మ మాచేత అటుకులు, బెల్లం తినిపించి మళ్ళీ ఆట మొదలుపెట్టింది. చెల్లి ఒళ్ళో ఐదు ఉండలు. అది తినకుండా వరసగా పేర్చుకుని నాకు చూపించి దాచుకుంటోంది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎవరి మీదో కూడా నాకు తెలియలేదు. చెల్లి మీదా, మామ్మ మీదా, గోదావరి మీదా?

ఆ తర్వాతి ఆటలో చెల్లి కునికిపాట్లు పడుతూ కూడా గెలిచింది. నేను అంచు దాకా పాకాను. మామ్మ వెనకనుంచి నా గౌను చెంగు గట్టిగా పట్టుకుంది. కిందికి చూశాను. ఇందాక పైకి కనబడిన ఆరో మెట్టు ఇప్పుడు లేదు. ఎర్రటి నీళ్ళు ఏడో మెట్టును నాకుతున్నాయి. మా పీట ఒకటి తలకిందులుగా తేలుతూ గోడకు కొట్టుకుంటోంది.

వెనక్కి తిరిగి, తగ్గిందన్నాను. ఐదో మెట్టు కనబడుతోందన్నాను.

 "నిజంగానా అమ్మడూ" అంది మామ్మ. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టింది. గెలిచాను కదా, సంతోషం రావాలి. రాలేదు. కొరికితే నోట్లో రంపపు పొట్టులా తోచింది.

అప్పుడే బయటనుంచి కేక వినిపించింది. మా ఊళ్ళో పడవ నడిపే ఒకాయన చూరు దాకా వచ్చి పిలుస్తున్నాడు. గోడ పైభాగాన గాలి కోసం వదిలిన కంతలోంచి మామ్మ పలికింది.

"ఎందాకా వచ్చాయండీ మామ్మగారూ నీళ్ళు? ముగ్గురికి చోటుంది, ఎక్కుతారా?"

"మాకు తగ్గుముఖం పట్టిందయ్యా. ఏటి వార పాకల్లో పసిపిల్ల తల్లి ఉంది చూడు, ముందు వాళ్ళని ఎక్కించుకో. మా సంగతి తర్వాత చూద్దువుగాని."

తెడ్డు చప్పుడు దూరమవుతోంది. పిలవాలి. పిలిస్తే నేను అబద్ధమాడినట్టు తెలిసిపోతుంది. నిజానికి ఇది ఆట కాదేమోనని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. అయినా ఆట కాకపోతే ఉండలెందుకిస్తుంది? పెద్దవాళ్ళకు భయం వేస్తే ఏడుస్తారు కదా, మామ్మ నవ్వుతోందే? ఇలా ఒకదానికొకటి పొంతన లేని ఆలోచనలతో నోరు పెగల్లేదు. పడవ వెళ్ళిపోయింది.

చెల్లి నిద్రపోయింది. నేను ఎవరూ చెప్పకుండానే మళ్ళీ అంచు దగ్గరకు పాకాను. ఎనిమిదో మెట్టు తడుస్తోంది. చెయ్యి చాపితే నీళ్ళు అందేటంత దగ్గర. అప్పుడిక ఉండబట్టలేక మామ్మ ఒడిలో తల దూర్చి చెప్పేశాను. తగ్గలేదని, నేను గెలవాలని అలా చెప్పానని, ఇప్పుడు ఎనిమిదో మెట్టని. ఏడుపులో సగం మాటలు నాకే అర్థం కాలేదు.

దెబ్బ పడుతుందనుకున్నాను. పడలేదు. మామ్మ చెయ్యి నా నెత్తి మీద ఉండిపోయింది, కాస్త బరువుగా. తర్వాత లేచి నడుముకు కొంగు బిగించింది. "చెప్పేశావుగా. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ఆ పెంకు పైకెత్తు" అంది.

నేను బస్తా మీద నిలబడి కప్పు పెంకులు ఒక్కొక్కటే లోపలినుంచి పైకి నెట్టాను. మామ్మ తన చేతికర్రకు చెల్లి ఎర్ర గౌను కట్టి పెంకుల సందులోంచి బయటికి పెట్టి ఊపింది. చెయ్యి నొప్పి పుడితే నాకిచ్చేది, నాకు నొప్పి పుడితే తను తీసుకునేది. కింద నీళ్ళు తొమ్మిదో మెట్టు దగ్గరకు వచ్చాక ఇక చూడొద్దంది. సాయంత్రపు వెలుగు ఇంకా ఉండగానే ఆ పడవాయన తిరిగొచ్చాడు. పెంకుల సందులోంచి ముందు చెల్లిని, తర్వాత నన్ను, ఆఖర్న మామ్మను లాగి చూరు మీదుగా పడవలోకి దింపాడు. వరద తీశాక చూస్తే అటక చెక్కల మీద బెత్తెడు ఒండ్రు ఉంది. మేం కూర్చున్న చాప దాని అడుగున దొరికింది.

పడవలో మామ్మ కొంగులోంచి ఒక కొబ్బరుండ తీసి నా చేతిలో పెట్టింది. డబ్బా అటక మీదే వదిలేసి వచ్చినా ఆ ఒక్కటి ఎలా తెచ్చిందో. నేను పుచ్చుకోలేదు. గెలిచింది చెల్లి కదా అన్నాను.

"అది చూసింది చెప్పిందే. నువ్వు చేసింది చెప్పావు. తిను" అంది మామ్మ.

తప్పు చేసినందుకు దెబ్బలు తినాల్సిన దాన్ని, ఉండ తింటున్నాను. ఇదేం లెక్కో తెలియలేదు. కానీ తిన్నాను. ఈసారి మాత్రం తియ్యగానే ఉంది.

గట్టు మీద దిగేసరికి పాకల్లోని ఆ పసిపిల్ల తల్లి పరుగెత్తుకొచ్చి మామ్మ కాళ్ళకు చుట్టుకుంది. వాళ్ళు పడవెక్కిన కాసేపటికే పాక కొట్టుకుపోయిందట. మామ్మగారు తన వంతు మాకిచ్చి మా ప్రాణాలు నిలిపారని అందరికీ వినబడేలా చెప్పింది.  నేను అబద్ధం చెప్పబట్టి కదా వాళ్ళు బతికారు? మరైతే అది మంచి అబద్ధమా? నిజం చెప్పి ఉంటే మామ్మ మమ్మల్నే ముందు ఎక్కించేదా, లేక అప్పుడూ వాళ్ళనే పంపేదా? డెబ్బై ఏళ్ళొచ్చాయి నాకు, ఈ ప్రశ్నకు ఇంకా జవాబు దొరకలేదు.

మా నాన్నగారికి ఆ ప్రశ్నలేవీ లేవు. పడవాయన జరిగింది చెప్పగానే ఆయన మొహం నల్లబడింది. పిల్లల్ని నెత్తి మీద పెట్టుకుని, వచ్చిన పడవను పొమ్మంటావా అని కన్నతల్లి మీద అందరి ముందూ విరుచుకుపడ్డారు. ఆయన గొంతు లేవడం నేను అదే మొదటిసారి వినడం. మామ్మ నెమ్మదిగా, "కళ్ళు కనబళ్ళేదురా. తగ్గాయనుకున్నాను. నాదే పొరపాటు" అంది.

నేను పక్కనే ఉన్నాను. నోట్లో కొబ్బరుండ ఆఖరి ముక్క ఇంకా ఉంది. చేసింది చెప్పావని మెచ్చుకున్న మనిషే, గంట తిరక్కుండా చెయ్యనిది చేశానని చెబుతోంది. నేను మామ్మ కేసి చూశాను. మామ్మకు నా చూపు కనబడదు కదా. కానీ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఊరుకోమనా? భయపడొద్దనా? నాకు తెలియలేదు. ఊరుకున్నాను.

తర్వాత మూడు రోజులు గట్టు దగ్గరి బళ్ళో తలదాచుకున్నాం. పిల్లలందరం ఒకే గదిలో బల్లలు పక్కకు నెట్టి ఆడుకునేవాళ్ళం. నల్లబల్ల కింద సుద్దతో గడులు గీసుకున్నాం, గవ్వలు లేకపోతే చింతపిక్కల్నే ఒకవైపు అరగదీసి వేసుకున్నాం. పెద్దవాళ్ళకు ఇల్లు మునిగిన దిగులు, మాకేమో పెళ్ళివారి విడిదిలా ఉంది. మామ్మ మాత్రం వసారా మూల ఒక్కర్తీ కూర్చునేది. చెల్లి వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంటే పిన్ని వచ్చి ఏదో పనున్నట్టు పిలుచుకుపోయేది. పిల్లల్ని ఇక మామ్మ మీద వదలొద్దని నాన్నగారు అనడం నేను విన్నాను. ఆ మాట మామ్మకూ వినబడే ఉంటుంది. చూపు పోయినవాళ్ళకు చెవులు చురుకు. ఆ పూట మామ్మ అన్నం సగంలో వదిలేసింది.

మూడో రోజు పొద్దున్న నాన్నగారు పళ్ళు తోముకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.  మామ్మ తప్పేం లేదని, మెట్టు తప్పు చెప్పింది నేనని చెప్పాను. ఎందుకు చెప్పావంటే కొబ్బరుండ కోసమన్నాను. ఆయన వేపపుల్ల నోట్లోనే ఉంచుకుని చాలాసేపు నన్ను చూశారు. కోపమో, బాధో, ఆ మొహం నాకు అంతుబట్టలేదు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. మొహం కడుక్కుని వెళ్ళి మామ్మ పక్కన కూర్చున్నారు.  కాసేపటికి మామ్మ తడుముకుంటూ కొంగుతో ఆయన మొహం మీది తడి తుడిచింది.

ఇంక మామ్మ నన్ను పిలిచి మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. పిలిచింది. తిట్టడానికి! అటక మీద అంత జరిగినా పల్లెత్తు మాట అనని మనిషి, ఆ పూట నన్ను కడిగి పారేసింది. "నేను నెత్తిన వేసుకున్నది నువ్వెందుకు దించావే? అడిగానా నిన్ను? పెద్ద ఆరిందా బయల్దేరింది!" అంది.  చెబితే ఉండ పెట్టిందీ ఈవిడే, చెబితే తిట్టిందీ ఈవిడే. తిట్టి తిట్టి, చివరికి నా జడ విప్పి, ఆ చూపులేని కళ్ళతోనే నూనె లేకుండా గట్టిగా దువ్వి మళ్ళీ అల్లింది. తల నొప్పెట్టినా కదల్లేదు.

ఆ తర్వాత మామ్మ ఎన్నో ఏళ్ళు బతికింది. మమ్మల్ని మళ్ళీ ఆవిడ మీదే వదిలి వెళ్ళేవారు. ఆ తిట్లు ఎందుకు తిట్టావని ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అడగలేదు. నేను చేసిన తప్పులు నేనే చెప్పుకోవడం మాత్రం ఆ రోజునుంచి అలవాటైంది. దానివల్ల కొన్నిచోట్ల మేలు జరిగింది, కొన్నిచోట్ల నష్టపోయాను. ఎక్కడ చెప్పినా ఒక మూల ఆ తిట్లు గుర్తొచ్చేవి, చెప్పి మంచిపని చేశానా, ఎవరి మనసైనా చిన్నబుచ్చానా అని.

మొన్నటి ముసురుకు బడులకు సెలవిచ్చారు. మా మనవరాలు రాజమండ్రిలోని మా ఫ్లాటు హాల్లోనే బంతాట మొదలుపెట్టింది. వద్దని రెండుసార్లు చెప్పాను, మూడోసారి నేనే బంతి విసిరాను, నాకూ సరదా పుట్టి. అది తిరిగి విసిరిన బంతి టీవీకి తగిలి అద్దం నిలువునా చీలింది. సాయంత్రం మా అబ్బాయి ఆఫీసునుంచి వచ్చి, ఎవరు చేశారని అడిగాడు. వాడికి కోపం వస్తే ముందూ వెనకా చూడడు. నా చెయ్యి తగిలిందిరా అనడానికి నేను నోరు తెరిచాను. అంతలో ఆ పిల్ల నా ముందుకొచ్చి నిలబడి, "నేనే నాన్నా, మామ్మ కాదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగానే మండిపోయింది. దెబ్బ నేను కాసుకుందామనుకుంటుంటే ఇది ఎదురెళ్ళి నిలబడిందే అని. ఇంత చిన్న భుజాల మీద ఎందుకు వేసుకుందే అని. లోపలున్నది భయమే, పైకి వచ్చింది మాత్రం కోపం. మా అబ్బాయి రెండు మాటలని లోపలికి వెళ్ళాక, అడిగానా నిన్ను అని దాన్ని నాలుగు తిట్టాను. తిడుతుంటే నా గొంతు నాది కానట్టు వినిపించింది. అది అయోమయంగా నా మొహంలోకి చూస్తోంది, నేనేం తప్పు మాట్లాడానని. ఏం చెప్పను? మెచ్చుకోవడానికీ నోరు రాలేదు, తిట్లూ ఆగలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని, రిబ్బను విప్పి జడ మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను.